కవిలెకట్ట నుంచి కంప్యూటర్ దాకా: దళితుల రికార్డు ఎవరి చేతిలో ఉంది?

దళితుల చరిత్ర రాయబోయిన వాళ్లకు మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఆధారం ఏది? రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. జమీందార్ల చరిత్రకు దస్తరాలున్నాయి, కైఫీయతులున్నాయి. మాలపల్లె చరిత్రకు, మాదిగపల్లె చరిత్రకు ఏమున్నాయి? పెద్దవాళ్ల నోటిమాట ఉంది. దాని తరవాత ఉన్నది చాలాచోట్ల భూమి కాగితమే. ఎప్పుడిచ్చారు, ఎవరికిచ్చారు, ఆ తరవాత ఎవరి చేతిలోకి పోయింది అని చెప్పేది అదే.

ఆ కాగితం ఇప్పుడు కంప్యూటర్లోకి పోయింది. పోవడం మంచిదా చెడ్డదా అనే వాదన అయిపోయింది, అది జరిగిపోయిన పని. ఇప్పుడు అడగాల్సింది వేరే. కంప్యూటర్లోకి పోయిన రికార్డు యాభై ఏళ్ల తరవాత మన మనవలు చదవడానికి ఉంటుందా? ఉండాలంటే ఎవరు ఏం చెయ్యాలి? వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్ని కళ్లముందు పెట్టుకొని ఈ సంగతి మాట్లాడదామని మా ప్రయత్నం.

1. ఒకే మండలంలో రెండు రాళ్లు

కృష్ణాజిల్లా అనగానే అందరికీ డెల్టా గుర్తొస్తుంది. వత్సవాయి డెల్టా కాదు, మెరక. ఒకపక్క మున్నేరు, ఇంకోపక్క ఖమ్మం జిల్లా సరిహద్దు. పత్తి, మిరప పండే నేల. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతమంతా కృష్ణాజిల్లా నుంచి విడిపోయి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. వత్సవాయికి దక్షిణాన జగ్గయ్యపేట. అక్కడి గుట్ట మీది బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించి బయటపెట్టాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏట, అంటే క్రీ.శ. 3వ శతాబ్దంలో, సిద్ధార్థుడనే పనివాడు అక్కడ ఆయక స్తంభాలు నిలబెట్టి శాసనం చెక్కించాడు. రాజు కాదు, మంత్రి కాదు, చేతిపని చేసుకునే మనిషి. తన పేరు, తండ్రి పేరు, తన ఊరి పేరు రాతిమీద రాయించుకున్నాడు. ఇంకో విశేషం, ఒకే మాటను ఒక స్తంభం మీద కాదు, మూడు స్తంభాల మీద చెక్కించాడు.

అదే జగ్గయ్యపేట మండలంలోని తక్కెళ్లపాడులో 2020 డిసెంబరు 21న ఇంకో రాయి పాతారు. రాష్ట్రమంతా భూముల రీసర్వే ఆ ఊళ్లోనే మొదలైంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో గొలుసులతో కొలిచిన భూమిని ఈసారి డ్రోన్లతో, ఉపగ్రహాల సంకేతాలందుకునే రోవర్లతో కొలిచారు. పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాపు నంబర్లు వచ్చాయి. పొలంలో పాతింది రాయే గాని, ఆ రాయి ఎవరిదో చెప్పే మాట రాతిమీద లేదు, కంప్యూటర్లో ఉంది.

రాయి నిలిచింది కాబట్టి రాయే గొప్పదని మేము అనడం లేదు. జగ్గయ్యపేట శాసనాలున్న బ్రాహ్మీ లిపిని జనం వందల ఏళ్లు చదవలేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ అక్షరాల గుట్టు విప్పాకే అలాంటి రాళ్లు మాట్లాడాయి. అంటే రికార్డు నిలవాలంటే రెండు కావాలి. వస్తువు మిగలాలి, దాన్ని చదివే తెలివీ మిగలాలి. రాతికి మొదటిది తేలిక, కంప్యూటరుకు రెండూ కష్టమే.

2. కట్ట మోసింది ఎవరు, రాసింది ఎవరు

కంప్యూటర్ రాకముందు ఊరి రికార్డంటే కరణం ఇంట్లోని కట్ట. అడంగల్, శిస్తు లెక్కలు, పొలాల కొలతల పుస్తకం, సెటిల్‌మెంట్ రిజిస్టరు అన్నీ అక్కడే. ఏటా జమాబందికి ఆ కట్టలు నెత్తిన పెట్టుకొని తాలూకాకు మోసింది వెట్టివాళ్లు, అంటే మాలలు, మాదిగలు. మోసినవాడికి అందులో ఏముందో తెలియదు. రాసినవాడు దాన్ని మోసి ఎరగడు. మన గ్రామ రికార్డుల చరిత్ర అంతా ఈ రెండు మాటల్లో ఉంది.

ఆ లెక్కల్లో మనవాళ్ల పేర్లు ఎట్లా ఉండేవి? ఇంటిపేరు రాయాల్సిన చోట మాల అనో మాదిగ అనో కులం పేరు. తరవాత పుల్లిగాడు, ఎంకడు అని గాడు, డు తగిలించిన పిలుపు. అదే మనిషి చర్చి రిజిస్టర్లో యోహాను, ఏసోబు. ఊళ్లో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకో పేరు, ఓటర్ల జాబితాలో మూడోది. ఆడవాళ్లయితే చాలాసార్లు భర్త పేరు వెనకే గాని సొంతానికి లేరు. ఈ పేర్లు అవమానకరమే. కాని హక్కు రుజువు కావాలంటే ఆ అవమానపు పేరునే వెతుక్కోవాలి. వాటిని చెరిపేస్తే అవమానంతో పాటు హక్కూ చెరిగిపోతుంది.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. కరణం పెత్తనం పోయిందని దళితవాడలు సంతోషించాయి, సంతోషించాల్సిందే. కాని పదవి పోయినంత తేలిగ్గా కట్ట చేతికి రాలేదు. చాలా ఊళ్లలో లెక్కలు పూర్తిగా అప్పగించకుండానే పాత కరణాలు ఇళ్లలో ఉంచుకున్నారు. మరుసటి ఏడు, 1985లో, తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. రికార్డులు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు కదిలాయి. కదిలిన ప్రతిసారీ ఎంతో కొంత రాలిపోతుంది. ఎవరికి పలుకుబడి లేదో వాళ్ల కాగితమే ముందు రాలుతుంది.

ఇంత చెప్పాక కూడా పాత కాగితంలో రెండు గుణాలున్నాయని ఒప్పుకోవాలి. ఒకటి, అడంగల్ ఏ ఫసలీకి ఆ ఫసలీ విడిగా ఉండేది. 1394 ఫసలీలో, అంటే 1984-85లో, సాగుబడి కాలంలో ఎవరి పేరుందో, 1404లో ఎవరి పేరుందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మధ్యలో పేరు మారితే ఎప్పుడు మారిందో తెలుస్తుంది. కొట్టేస్తే కొట్టివేత కనపడుతుంది, దిద్దితే సిరా తేడా కనపడుతుంది. మోసం చేసినవాడు కూడా గుర్తు వదిలి పోవాల్సిందే.

రెండోది, మద్రాసు కాలం నుంచీ వస్తున్న పద్ధతి ఒకటుంది. రెవిన్యూ ఆఫీసులో ఫైలు మూసేటప్పుడే అది ఎంతకాలం ఉండాలో దానిమీద రాస్తారు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్. అంటే పదేళ్లు. ఎల్.డిస్. అంటే ఏడాది. ఈ పద్ధతి మనకు న్యాయం చేసిందని కాదు. పట్టా వివాదాన్ని ఏ అక్షరంతో మూశారనే దానిమీద ఒక కుటుంబం బతుకు ఆధారపడేది. అయినా ఎంతకాలం ఉంచాలి అనే ప్రశ్న ఫైలు మూసేనాడే వేసుకున్నారు. కంప్యూటర్ ఫైలును మూసేటప్పుడు ఆ ప్రశ్న వేసేవాళ్లు అరుదు. అందులో ఉంది కాబట్టి ఎప్పటికీ ఉంటుందనే నమ్మకం.

3. గడిలో పట్టని మనిషి

1998 నవంబరులో రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులు కంప్యూటర్లకు మారాయి. దాన్ని కార్డ్ పథకమన్నారు. తరవాత రెవిన్యూ లెక్కలు వెబ్‌ల్యాండ్‌లోకి ఎక్కాయి. 2015లో మీభూమి వచ్చి 1బి, అడంగల్ ఎవరైనా చూసుకునే వీలు కలిగింది. దళిత రైతు కరణం అరుగు కింద చేతులు కట్టుకొని నిలబడకుండా తన లెక్క తాను చూడగలగడం చిన్న మార్పు కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మాకు లేదు.

అయితే ఈ పాతికేళ్లలో ఎన్ని పేర్లు, ఎన్ని పథకాలు మారాయో చూడండి. మున్నేటి అవతల తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025లో అది పోయి భూభారతి వచ్చింది. మన పక్క భూహక్కు చట్టాన్ని 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు, 2024లో రద్దు చేశారు. చట్టం రద్దయింది గాని, రీసర్వేతో తయారైన కొత్త నంబర్లు, మ్యాపులు ఉన్నాయి. రాజకీయంగా ఏది మంచి, ఏది చెడు అనేది వేరే చర్చ. రికార్డు దృష్టితో చూస్తే ప్రతి మార్పూ ఒక వలసే. పాత యంత్రం నుంచి కొత్త యంత్రంలోకి లెక్క నడిచి రావాలి. ఆ నడకలో కొన్ని దారిలో పడిపోతాయి.

ఎట్లా పడిపోతాయి? కాగితం మీద మార్జిన్ ఉంటుంది. పుల్లిగాడు ఉరఫ్ యోహాను అని గుమాస్తా పక్కన రాయొచ్చు. కంప్యూటర్లో ఉండేది గడి. గడికి ఒక పేరే పడుతుంది. ఆధార్‌లో ఉన్న పేరుకు, పట్టాలో ఉన్న పేరుకు పొంతన లేకపోతే మనిషి ఉన్నా లేనట్టే. ఏ గడి ఉండాలో నిర్ణయించే వాళ్లు ఏ సంగతి చరిత్రలో ఉండాలో కూడా నిర్ణయిస్తున్నారు. ధరణిలో అనుభవదారు కాలమ్ తీసేశారు. ఒక కాలమ్ తీసేశారంటే పట్టా లేకుండా దున్నుకున్నవాడు, కౌలుకు చేసినవాడు రికార్డు నుంచి మొత్తంగా మాయమైనట్టే. నిప్పంటుకోలేదు, చెదలు పట్టలేదు, దొంగలు పడలేదు. గడి లేదు, అంతే.

అసైన్డ్ భూమి సంగతి ఇంకా సున్నితం. 1977 నాటి 9వ చట్టం పేదలకిచ్చిన డి-పట్టా భూమిని అమ్మరాదు, కొనరాదు అంది. పెద్దవాళ్లు కొన్నా చెల్లదు, తిరిగి ఇప్పించాలి అని చెప్పింది. ఈ రక్షణ నిలవాలంటే ఆ భూమి ఎవరికి, ఎప్పుడు ఇచ్చారో చెప్పే అసైన్‌మెంట్ రిజిస్టరు, ఫైలు ఉండాలి. 2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు కమిటీ 104 సిఫార్సులు చేసింది. పేదల చేతిలో పట్టా ఉండడం, రికార్డులో పేరుండడం, పొలం మీద స్వాధీనం ఉండడం ఒక్కటి కాదని భూమి సమస్య మీద పనిచేసే వాళ్లందరికీ తెలుసు. రికార్డు కంప్యూటరుకెక్కేనాటికే పొలం చేతులు మారి ఉంటే, కంప్యూటర్ ఆ చేతులు మారడాన్నే నిజమని చూపిస్తుంది. పాత రిజిస్టరు కూడా పోతే అంతకుముందు ఇంకో నిజం ఉండేదని చెప్పే సాక్షి ఉండదు.

ఇప్పుడు దళితులు కౌంటర్ల దగ్గర తరచు వినే మాట, కంప్యూటర్లో రావట్లేదు. కరణం కాలంలో లెక్కలో లేదు అనేవాళ్లు. మాట మారింది. రుజువు తెచ్చుకోవాల్సిన భారం మాత్రం అప్పుడూ ఇప్పుడూ లేనివాడి నెత్తినే ఉంది.

4. యంత్రం ఎట్లా మర్చిపోతుంది

ఇది గవర్నమెంటు తప్పు ఒక్కటే అనుకుంటే పొరపాటు. మా సంగతే చెబుతాం. 1990లలో దళిత ఉద్యమం పెద్దఎత్తున రాసుకుంది. కారంచేడు, చుండూరు తరవాత కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, చిన్న పత్రికలు వరసగా వచ్చాయి. వాటిలో చాలావాటిని డీటీపీ సెంటర్లలో కంపోజ్ చేయించుకున్నాం. అచ్చయిన కాపీలు పంచేశాం. అసలుది ఫ్లాపీలో ఉందిలే అని ధీమాగా ఉన్నాం. ఆ ఫ్లాపీల అట్టపెట్టె మా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులోవి చదవబోతే మూడు చావులు కనిపించాయి.

మొదటిది వస్తువు చావు. ఫ్లాపీ, క్యాసెట్, వీడియో టేపు అన్నిటి మీదా ఉండేది అయస్కాంతపు పూత. మన ఎండకూ, వానాకాలపు చెమ్మకూ అది బూజు పడుతుంది, రాలుతుంది. 1994 జులైలో ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా సభల ఉపన్యాసాలు క్యాసెట్లలో ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో, వాటిదీ ఇదే గతి. కాగితం సగం చిరిగినా సగం చదవొచ్చు. కంప్యూటర్ ఫైలులో కొద్దిభాగం చెడినా మొత్తం తెరుచుకోకపోవచ్చు.

రెండోది పరికరం చావు. ఫ్లాపీ బాగానే ఉన్నా పెట్టి చదివే డ్రైవు కొత్త కంప్యూటర్లలో లేదు. సోనీ కంపెనీ 2011లో ఫ్లాపీల తయారీ ఆపేసింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తరవాత లేదు.

మూడోది అక్షరం చావు. ఇది మన భాషకు ప్రత్యేకంగా తగిలిన దెబ్బ. అప్పటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చేవి. ఏ స్థానంలో ఏ ముక్క అనేది ఒక్కో ఫాంటుకు ఒక్కో తీరు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు రాదు, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు వస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన కంప్యూటర్లలో అది వాడుకలోకి రావడానికి పదేళ్లు పైనే పట్టింది. ఆ మధ్యకాలంలో రాసినదంతా బ్రాహ్మీ రాళ్ల లాంటిదే. ఒక తేడా ఏందంటే, ఆ రాళ్లు ప్రిన్సెప్ కోసం వందల ఏళ్లు ఎదురుచూడగలిగాయి. ఫ్లాపీ అంతకాలం ఆగదు.

పెద్ద దేశాలు కూడా ఈ దెబ్బ తిన్నాయి. ఇంగ్లండులో 1086లో రాజు చేయించిన భూముల లెక్క డోమ్స్‌డే పుస్తకం. తొమ్మిది వందల ఏళ్లయిన సందర్భంగా 1986లో బి.బి.సి. జనంచేత తమ ఊళ్ల వివరాలు రాయించి, వాటిని లేజర్ డిస్కులకెక్కించింది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలు దొరకలేదు. 2002 నాటికి లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల వాళ్లు పాత యంత్రంలా నడిచే ప్రోగ్రాము తయారుచేసి వాటిని చూపించగలిగారు. తోలు మీద రాసిన 1086 నాటి లెక్క మాత్రం చదవడానికి అట్లాగే ఉంది. రాజు పుస్తకానికి తొమ్మిది వందల ఏళ్ల పాటు కాపలా ఉంది. జనం రాసిన డిస్కులకు ఆ కాపలా లేదు.

అంటే భద్రపరచడం అనేది ఒకసారి చేసి వదిలేసే పని కాదు. చెరువు కట్టలాంటిది, ఏటా చూసుకోవాలి. కొన్నేళ్లకోసారి కొత్త పరికరంలోకి మార్చాలి, మార్చినప్పుడల్లా సరిచూడాలి. అందుకు మనుషులు కావాలి, బడ్జెట్టు కావాలి, బాధ్యత ఫలానావారిది అని రాసిపెట్టిన ఉత్తర్వు కావాలి.

5. చట్టంలో ఉన్నది

చట్టాలు లేకపోలేదు. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కంప్యూటరుతో తయారైనదాన్ని కూడా రికార్డుగానే లెక్కించింది. కాని అది కేంద్ర ప్రభుత్వ, కేంద్రపాలిత ప్రాంతాల రికార్డులకు సంబంధించింది. 2000 నాటి ఐ.టి. చట్టం 7వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డును ఉంచేటప్పుడు మూడు షరతులు పెట్టింది. తరవాత తీసి చూసుకునేట్టు ఉండాలి. తయారైన రూపంలోనో, దాన్ని సరిగ్గా చూపించే రూపంలోనో ఉండాలి. ఎక్కడనుంచి ఎప్పుడు వచ్చిందో గుర్తించే వివరాలు ఉండాలి. ఇరవై ఏళ్ల కిందటి అడంగల్ ఫైలు ఈ మూడు షరతులకూ నిలబడుతుందా అని ఏ దళిత రైతయినా అడగొచ్చు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ జతచెయ్యాలి. అందులో హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి తీసే ఒక సంఖ్య, ఫైలుకు వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. కాగితంలో సిరా తేడా చేసే పని కంప్యూటర్లో ఇది చేస్తుంది. కాని మొదటి రోజున ఆ సంఖ్య తీసి బయట ఎక్కడో రాసిపెడితేనే తరవాత పోల్చుకోగలం.

కాగితమే ఉంటే చాలు అనేవాళ్లకు 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు ఆఫీసులో జరిగిన అగ్నిప్రమాదం గుర్తుచెయ్యాలి. భూముల ఫైళ్లు తగలబడిపోయాయి. ఒకే చోట ఒకే కాపీగా ఉన్నది కాగితమైనా కంప్యూటరైనా ఒక్క రాత్రి పని.

6. మనం చెయ్యాల్సింది, అడగాల్సింది

ముందు మన చేతిలో ఉన్న పని. ట్రంకుపెట్టెలో ఉన్న డి-పట్టా, శిస్తు రసీదు, పాత పాస్‌బుక్కు పారెయ్యొద్దు. కొత్తది వచ్చింది కదా అని పాతది ఎవరికీ అప్పగించొద్దు, అడిగితే జిరాక్సు ఇవ్వండి. ఫోటో తీసి ఫోన్లో ఉంచుకుంటే చాలదు, ఫోను పోతే ఫోటో పోతుంది. మీభూమిలో ఈనాడు ఏముందో ఏడాదికోసారి ప్రింటు తీసి, తేదీ రాసి దాచండి. పదేళ్ల ప్రింట్లు ఉంటే మన ఫసలీ లెక్క మనమే తయారుచేసుకున్నట్టు. వాడలో చదువుకున్న పిల్లలు ఒక నోట్‌పుస్తకంలో కుటుంబాల వారీగా ఇంట్లో పేరు, పట్టాలో పేరు, చర్చిలో పేరు, ఆధార్‌లో పేరు పక్కపక్కన రాసిపెట్టాలి. కంప్యూటర్ గడిలో పట్టని ఉరఫ్ అక్కడైనా బతుకుతుంది. ఉద్యమ పత్రికల ఫైళ్లున్నవాళ్లు వాటిని యూనికోడ్‌లోకి మార్పించి, అచ్చు కాపీలతో పాటు వేరువేరు ఊళ్లలో ఉంచాలి.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సినవి. స్కాన్ అయింది కదా అని పాత రిజిస్టర్లను నాశనం చెయ్యకూడదు. దళితుల అసైన్‌మెంట్ ఫైళ్లను శాశ్వతంగా ఉంచాలి. కంప్యూటర్లో పేరు మారిస్తే పాత పేరు చెరగకుండా, ఎవరు ఎప్పుడు ఏ ఉత్తర్వుతో మార్చారో రైతుకు కనపడేట్టు ఉండాలి. పథకం పేరు మారినప్పుడల్లా పాత లెక్కకూ కొత్త లెక్కకూ తేడాల జాబితా తయారుచేసి గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ గ్రామసభ ఊరి మధ్యలోనే కాదు, పల్లెలో కూడా జరగాలి. ఊరి రికార్డు మొత్తానికి తీసిన హ్యాష్ సంఖ్యను పంచాయతీ గోడమీద రాయాలి. గోడమీద రాయడానికి ఖర్చేమీ కాదు.

ఒకప్పుడు మనవాళ్లు కట్ట మోశారు, చదవలేదు. ఇప్పుడు మన పిల్లలు గ్రామ సచివాలయాల్లో ఆ కంప్యూటర్ల ముందు కూచుని ఉద్యోగాలు చేస్తున్నారు. చదవగలరు. కాని ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అనే నిర్ణయం ఇంకా వాళ్ల చేతిలోకి రాలేదు. అది రావాలి. అప్పటిదాకా జగ్గయ్యపేట పనివాడు సిద్ధార్థుడి పద్ధతే మనకూ దారి. ఆయన ఒక్క స్తంభాన్ని నమ్ముకోలేదు, మూడింటి మీద రాయించాడు.